వేరు లోపలే ఉంది

లండన్‌లో గైనకాలజిస్టుగా చేరిన కొత్తలో కాన్పుకొచ్చిన సోమాలియా ఆవిడను పరీక్ష చెయ్యబోయి ఆగిపోయాను. ఉండాల్సిన చోట ఏమీ లేదు. నున్నటి మచ్చ, కింద చిన్న కన్నం. నా మొహం మారిపోవడం ఆమె చూసేసింది. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"మూత్రానికి ఎంతసేపు పడుతుంది?" దుబాసీ చేత అడిగించాను.

"పావుగంట. అందరికీ అంతేగా?" అంది.

చిన్నప్పుడు జననాంగం బయటి భాగాన్ని కోసి, కుట్టేశారు. ఆ కుట్టును నిలువునా విప్పితేనే బిడ్డ వచ్చింది. పురుడయ్యాక మళ్లీ కుట్టమని అడిగింది భర్త కాదు, ఆమే. ఇలాంటి కోతపై ఇక్కడున్న 2003 చట్టం ప్రకారం అది నేరం. నచ్చజెప్పడానికి కాన్పుకన్నా ఎక్కువసేపు పట్టింది.

నేను చేసేది విప్పడం వరకే. పోయినదాన్ని తిరిగి తెచ్చే ఆపరేషన్ వేరు. క్లిటోరిస్ అంటే బఠాణీ గింజంత అని మాకు కాలేజీలో చెప్పి పేజీ తిప్పేశారు. బయటికి కనిపించేదే అంత. మిగతాది ఎముకను అంటుకుని లోపల రెండు పాయలుగా ఉంటుంది, మొత్తం సుమారు పది సెంటీమీటర్లు. ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ 1998లో శవాలను కోసి చూపించేదాకా చాలా పుస్తకాల్లో ఈ సంగతి సరిగ్గా లేదు. బ్లేడు తెంపేది కొసనే. మచ్చ తీసేసి, లోపలి భాగాన్ని పట్టి ఉంచే బంధనాన్ని కోసి, కిందికి జరిపి బయట కుడతారు.

ఫ్రెంచి యూరాలజిస్టు పియెర్ ఫోల్డెస్ 1980లలో బుర్కినా ఫాసోలో మచ్చల నొప్పితో వచ్చిన ఆడవాళ్లను చూసి దీనికి దారి వెతికాడు. 2012లో వైద్య పత్రిక 'లాన్సెట్'లో లెక్క చెప్పాడు: ఆపరేషన్ 2,938 మందికి. ఏడాదికి తిరిగొచ్చి చూపించుకున్నవాళ్లు 866 మంది. వాళ్లలో దాదాపు అందరికీ నొప్పి తగ్గింది, లేదా కనీసం పెరగలేదు. రానివాళ్ల సంగతో? అందుకే నేను ఎవరికీ గ్యారంటీ ఇవ్వను. కొందరికి ఆపరేషన్ కన్నా ముందు కూర్చుని వినే మనిషి కావాలి.

యునిసెఫ్ 2024 లెక్కలో ఏదో రకంగా ఇలా కోతకు గురైనవాళ్లు ప్రపంచంలో 23 కోట్లకు పైనే. చదువుకని, వైద్యానికని సోమాలియా, సూడాన్ ఆడవాళ్లు హైదరాబాదుకూ వస్తున్నారు. అక్కడి డాక్టరమ్మలకు ఒక్క మాట: చూసి ఉలిక్కిపడకండి, పక్కవాళ్లను పిలిచి చూపించకండి. ముందు ఆ మూత్రం సంగతి అడగండి.