లెక్క రెండు వైపులా కుదరాలి
క్రికెట్ స్కోరు పుస్తకం రాయడం ఎలా? ఆదివారం మైదానానికి వెళ్లేవాళ్ల కోసం

20 ఓవర్ల మ్యాచ్ అంటే ఇన్నింగ్స్‌కు 120 బంతులు, రెండు జట్లకు కలిపి 240. స్కోరరు ప్రతి బంతినీ కనీసం రెండు చోట్ల నమోదు చేస్తారు. బౌలర్ గడిలో ఒకటి, బ్యాటర్ వరుసలో గానీ ఎక్స్‌ట్రాల్లో గానీ ఇంకొకటి. అంటే పూర్తి మ్యాచ్‌కు కనీసం 480 గుర్తులు. పరుగు వచ్చిన ప్రతిసారీ మొత్తం స్కోరును కూడా ముందుకు జరపాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో సెలవు రోజున ఏ మైదానానికి వెళ్లినా టెన్నిస్ బంతితో మ్యాచ్ కనిపిస్తుంది. ఆడేవాళ్లకు కొదవ లేదు, ఓపికగా కూర్చుని రాసేవాళ్లే తక్కువ. అందుకే మంచి ఇన్నింగ్స్‌లు నాలుగు రోజుల ముచ్చటగా మిగిలిపోతాయి. పెన్సిలు, రబ్బరు, గీతల పుస్తకం ఉంటే ఈ లోటు తీర్చవచ్చు. దీనికి బాగా ఆడటం రానక్కర్లేదు, చూపు మైదానం మీద నిలిస్తే చాలు.

గుర్తులు ఇవే

పరుగు రాకపోతే చుక్క. పరుగులు వస్తే ఆ అంకె. బౌలర్‌కు వికెట్ దక్కితే W. వైడ్‌కు కూడిక గుర్తు, నోబాల్‌కు సున్నా చుట్టు, బైకి త్రిభుజం, లెగ్‌బైకి తలకిందుల త్రిభుజం. ఓవరంతా చుక్కలే అయితే వాటిని కలిపి M గీస్తారు. అది మెయిడెన్.

వైడ్, నోబాల్ పరుగులు బౌలర్ ఖాతాలో పడతాయి. బై, లెగ్‌బై పడవు. రనౌట్‌ జట్టు వికెట్లలో చేరుతుంది కానీ బౌలర్ వికెట్లలో చేరదు. కొత్తవాళ్ల లెక్క తప్పేది ఎక్కువగా ఈ మూడు చోట్లే.

ఒక ఓవర్ రాసి చూద్దాం

వరుసగా ఇలా జరిగిందనుకోండి: 1, చుక్క, 4, వైడ్, ఒక లెగ్‌బై, వికెట్, 2. వేసిన బంతులు ఏడు. వైడ్ లెక్కకు రాదు కాబట్టి ఓవర్‌కు ఆరే.

బ్యాటర్ల పరుగులు: 1 + 4 + 2 = 7. ఎక్స్‌ట్రాలు: వైడ్ 1 + లెగ్‌బై 1 = 2. మొత్తం 9.

ఇప్పుడు బౌలర్ వైపు నుంచి. ఇచ్చిన పరుగులు: 7 + వైడ్ 1 = 8. దానికి లెగ్‌బై 1 కలిపితే మళ్లీ 9.

స్కోరు పుస్తకం గొప్పతనమంతా ఈ సరిపోలికలోనే ఉంది. సిరిసిల్ల సాంచాల మీద పడుగూ పేకా కలిస్తేనే గుడ్డ అయినట్టు, బ్యాటింగ్ లెక్కా బౌలింగ్ లెక్కా కలిస్తేనే స్కోరు అవుతుంది. రెండూ కుదరలేదంటే ఎక్కడో ఒక బంతి జారిపోయిందన్నమాట. ఓవర్ ఓవర్‌కూ చూసుకుంటే ఆరేడు బంతుల్లోనే దొరుకుతుంది. మ్యాచ్ అయ్యాక వెతికితే 240 బంతుల్లో వెతకాలి.

బేస్‌బాల్‌లోనూ ఇదే పద్ధతి

అమెరికాలో బేస్‌బాల్ స్కోరు రాయడం లక్షలమందికి ఇష్టమైన వ్యాపకం. దానికి రూపం తెచ్చిన హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టారు, అమెరికా వెళ్లి మొదట క్రికెట్ వార్తలు రాశారు. అక్కడ మైదానంలోని తొమ్మిది స్థానాలకూ అంకెలుంటాయి. 6-4-3 అని రాస్తే షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కు, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు బంతి వెళ్లి ఇద్దరు అవుటయ్యారని అర్థం. అక్కడా చివర్లో ఒక పరీక్ష ఉంది. బ్యాటింగ్‌కు వచ్చిన మొత్తం సార్లు = పరుగులు + అవుట్లు + బేస్‌ల మీద మిగిలిపోయినవాళ్లు.

11.2 దశాంశం కాదు

2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. దక్షిణాఫ్రికా 82కు ఆలౌటైంది. భారత్ 11.2 ఓవర్లలో వికెట్ నష్టానికి 84 చేసి గెలిచింది. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 15 పరుగులకు 3 వికెట్లు తీసి, 33 బంతుల్లో 44 చేసి నాటౌట్‌గా నిలిచింది.

84ని 11.2తో భాగిస్తే రన్‌రేట్ 7.5 అని వస్తుంది. అది తప్పు. 11.2 అంటే 11 ఓవర్ల 2 బంతులు, అంటే 68 బంతులు. 84ని 68తో భాగించి 6తో గుణిస్తే 7.41. టోర్నీలో నెట్ రన్‌రేట్‌తో సెమీస్ బెర్తు తేలే రోజున ఇంత తేడా జట్టును ఇంటికి పంపగలదు.

పాత స్కోరు షీటు చదవడం

2001 మార్చి, ఈడెన్ గార్డెన్స్. ఆస్ట్రేలియా 445, భారత్ 171, ఫాలో ఆన్‌లో భారత్ 7 వికెట్లకు 657 డిక్లేర్డ్, ఆస్ట్రేలియా 212. కూడి చూడండి: 171 + 657 = 828, 445 + 212 = 657. తేడా 171. మొదటి ఇన్నింగ్స్‌లో ఎన్నికి కుప్పకూలామో సరిగ్గా అన్ని పరుగుల తేడాతోనే గెలిచాం.

మన హైదరాబాదీ లక్ష్మణ్ 452 బంతుల్లో 281 చేశాడు. 44 ఫోర్లు, సిక్సర్ ఒక్కటీ లేదు. ఫోర్లతో 176 వచ్చాయంటే మిగతా 105 పరుగెత్తి తీసినవే. నాలుగో రోజు భారత్ స్కోరు 4 వికెట్లకు 254 నుంచి 589కి చేరింది. 335 పరుగులొచ్చినా వికెట్ల గడిలో 4 మారలేదు. ఆట చూడనివాళ్లకు కూడా ఆ రోజు ద్రవిడ్, లక్ష్మణ్ ఎంత గట్టిగా నిలబడ్డారో ఈ అంకెలు చెబుతాయి.

మొదలుపెట్టడం ఇలా

క్రికెట్ చట్టాల్లో మూడోది స్కోరర్లదే. ఇద్దరు స్కోరర్లుండాలని, తరచూ ఒకరి లెక్క ఒకరితో సరిచూసుకోవాలని అది చెబుతుంది. అంపైర్ సైగ చేస్తే స్కోరరు చెయ్యెత్తి బదులివ్వాలి. కాబట్టి రెండో జట్టు నుంచి ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. తగాదాలు సగం తగ్గుతాయి. ఫోన్‌లో క్రిక్‌హీరోస్ లాంటి యాప్‌లు కూడికలు చేసిపెడతాయి, వాడుకోవచ్చు. కానీ మొదటి కొన్ని మ్యాచ్‌లు చేత్తో రాస్తేనే ఏ పరుగు ఎవరి ఖాతాలోకి ఎందుకు వెళ్తుందో ఒంటబడుతుంది.

పది ఓవర్ల మ్యాచ్‌తో మొదలుపెట్టండి, 120 బంతులే. అయ్యాక తేదీ, ఊరు, ఆటగాళ్ల పూర్తి పేర్లు రాసి, పేజీ ఫొటోను రెండు జట్లకూ పంపండి. కోరుట్లలో పదిహేనేళ్ల పిల్లాడు 3 వికెట్లు తీస్తే, పై స్థాయికి వెళ్లేటప్పుడు చూపించుకోవడానికి వాడికి ఆ కాగితమే ఉంటుంది. అది రాయగలిగినవాళ్లు ప్రతి మైదానానికీ ఇద్దరు కావాలి.