అంగన్‌వాడి మూతపడిన దినములు

నారుమళ్లు చూచుటకై మేము చందుర్తి వైపు పోయినపుడెల్ల రైతులు ఎరువులను గూర్చియు, తెగుళ్లను గూర్చియు అడుగుదురు. ఒక సభ్యుడు మాత్రము వేఱొక ప్రశ్న వేసెను: "అంగన్‌వాడి ముచ్చట ఆడోళ్లది గదా సారూ, మూసిన మనకేంది, తెరిసిన మనకేంది?" గట్టుమీద నిలిచి మేము చెప్పిన జవాబు చాలలేదని తోచినందున ఇచ్చట కొంత వివరముగా వ్రాయుచున్నాము.

అంగన్‌వాడి పథకము 1975 వ సంవత్సరము అక్టోబరు 2 వ తేదీన దేశమందు 33 ప్రాజెక్టులతో ఆరంభమైనది. నేడు తెలంగాణమందే సుమారు 35,700 కేంద్రములు కలవు. పల్లెలలో 400 మొదలు 800 వఱకు జనసంఖ్యకు ఒక కేంద్రము ఉండవలెనని నియమము. ఏడవ నెల మొదలు మూడేండ్ల వఱకు గల బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతము ఇంటికిత్తురు. ఇది గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె చేర్చి చేసిన పిండి. మూడు మొదలు ఆఱేండ్ల పిల్లలకు కేంద్రమందే భోజనము, గ్రుడ్డు, ఆటపాటలతో చదువు. గర్భవతులకును బాలింతలకును ఆరోగ్యలక్ష్మి క్రింద ఒక పూట నిండు భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఈ భోజనము కేంద్రమందే కూర్చుండి తినవలెనని పెట్టిన నియమమును చాలమంది చాదస్తమని తలచిరి. అందలి మర్మము కేంద్రములు మూతపడిన తరువాతనే మాకును బోధపడినది.

2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున దేశమంతట కేంద్రములు మూసిరి. మరుసటి యేడు జనవరి 13 న, తెఱచుటను గూర్చి ఆ నెలాఖరులోపల నిర్ణయింపుడని సుప్రీంకోర్టు రాష్ట్రములకు చెప్పినది. తెలంగాణమందు పాఠశాలలతోపాటు వీనిని తెఱచుటకు నిర్ణయించిన తేదీ 2021 సెప్టెంబరు 1. అనగా మూసిన నాడు మూడేండ్ల బిడ్డ తెఱచునాటికి నాలుగున్నర యేండ్ల వాడయ్యెను.

ఈ కాలమున తిండి పూర్తిగా ఆగిపోలేదు. బియ్యము, పప్పు, గ్రుడ్లు ఇండ్లకు చేర్చిరి. అట్లయిన నష్టమెక్కడ? ఇంటికి వచ్చిన గ్రుడ్లు ఇంటిల్లిపాదికిని పంచబడును; గర్భిణియైన కోడలి వంతు వచ్చునప్పటికి పులుసే మిగులును. ఇది ఎవరి దుర్బుద్ధియు కాదు, మన ఇండ్ల వాడుకయే. కేంద్రమందైతే ఆమె గ్రుడ్డు ఆమెయే తినును. అంతేగాక నెలనెల బిడ్డను తూచు త్రాసు ఆ గదిలోనే ఉన్నది. తలుపు మూసిన బరువు కనిపెట్టువారు లేరు.

ధాన్యము తూచునపుడు బస్తాకు ఒక కిలో తరుగు తీసిన మనము కొనుగోలు కేంద్రమున ఎంత రచ్చ చేయుదుము! బిడ్డకు వచ్చిన తరుగును అడిగిన తండ్రిని మేము అరుదుగా చూచితిమి.

వరి పిలకలు వేయు దశలో ఎండిపోయిన మడికి పొట్టదశలో ఎంత నీరు పెట్టినను పోయిన పిలకలు రావు. గర్భము మొదలు రెండేండ్లు నిండు వఱకు బిడ్డ యెదుగుదలయు అట్టిదే. అప్పుడు లోపించిన దానిలో చాల భాగము వెనుక పూడదు.

రెండవసారి తలుపులు మూతపడినది వేఱు కారణమున. 2023 సెప్టెంబరు 11 న తెలంగాణమందలి టీచర్లును ఆయాలును సమ్మెకు దిగి అక్టోబరు మొదటి వారమువఱకు సాగించిరి. అప్పుడు టీచరునకు నెలకు 13,650 రూపాయలు, ఆయాకు 7,800. తమ్ము ప్రభుత్వోద్యోగులుగా గుర్తింపవలెననియు, 26,000 రూపాయల వేతనమును గ్రాట్యుటీయును ఇయ్యవలెననియు వారు కోరిరి. వారికి గ్రాట్యుటీ చట్టము వర్తించునని 2022 ఏప్రిలులోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పియుండెను. ఆంధ్రప్రదేశమందు 2023 డిసెంబరు 12 న మొదలైన సమ్మె 42 దినములు నడచినది. పిల్లల తిండి ఆపిరని వారిని నిందించుట మేమును వింటిమి. గిట్టుబాటు ధర రాలేదని రోడ్డెక్కు రైతుకు ఆ నిందను మోపుట తగదని మా యభిప్రాయము.

ఇక సభ్యుని ప్రశ్నకు వత్తము. పత్తి చేనికైనను, వరి నాట్లకైనను ఆడ కూలీలు లేక పని ముందుకు సాగదు. కైకిలికి వచ్చు తల్లి బిడ్డను ఎక్కడ నుంచవలెను? కేంద్రము లేనినాడు చేని గట్టున చెట్టుక్రింద పండబెట్టును. లేదా పెద్దకూతురిని బడి మాన్పించి కావలి యుంచును. లేదా తానే పనికి రాదు. ఈ మూడింటిలో ఏదైనను రైతునకు సంబంధము లేనిదని మేము చెప్పజాలము.

తెఱచిన మాత్రమున పిల్లలు తమంతట రారు. ఇంట మరగిన బిడ్డ ఏడ్చును, తల్లి విసిగి మానుకొనును. మొదటి పదిదినములు తండ్రియో తాతయో వెంటబోయి కొంతసేపు కూర్చుండుట మేలు. తెఱచిన వారములోనే ప్రతి బిడ్డను తూపించి, పాత కార్డుతో పోల్చి చూపుమని టీచరమ్మ నడుగుడు. ఆఱు నెలలు మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు భుజమునకును మోచేతికిని నడుమ టేపుతో కొలుతురు, 11.5 సెంటీమీటర్లకు తక్కువైనచో తీవ్రమైన లోపమని యెఱిగి ఆలసింపక దవాఖానకు తీసికొనిపోవలెను. 12.5 కు లోపలనున్న బిడ్డను సైతము కనిపెట్టుచుండవలెను. మూసిన దినములలో పుట్టిన పిల్లలపేర్లును, క్రొత్తగా కాపురమునకు వచ్చిన గర్భిణుల పేర్లును పట్టికలో ఉండకపోవచ్చును. వానిని మొదట వ్రాయింపుడు.