మీకు తెలుసా? చిక్కడపల్లి అనడానికి నాలుక పడే పాట్లు

చిన్నపిల్లలు కొందరు హైదరాబాద్‌లోని చిక్కడపల్లిని ‘తిత్తదపల్లి’ అంటారు. ‘క’ పలకడానికి నాలుక వెనక భాగం పైకి లేవాలి. దానికి బదులు ముందు కొస పళ్లను తాకితే ‘త’ వస్తుంది. అలాగే నారాయణగూడ ‘నాలాయనదూద’, అశోక్‌నగర్ ‘అతోత్‌నదల్’! ముద్దొస్తుంది నిజమే, కానీ పెద్దలు మాత్రం సరిగ్గానే పలకాలి.

ఇలాంటి పలుకు దిద్దడానికి వాడే స్పీచ్ థెరపీ యాప్‌లు బొమ్మ చూపి పలికిస్తాయి, పిల్లల గొంతును వాళ్లకే వినిపిస్తాయి. అలా వినడం వల్ల మేలుంది. మామూలు ఫోన్ రికార్డరుతోనూ అది సాధ్యమే. చాలా యాప్‌లు ఇంగ్లిష్ శబ్దాల కోసం చేసినవి, వాటిలో మన ణ, ళ దొరకవు. తప్పొప్పులు తేల్చాల్సింది థెరపిస్టు చెవే.

సరిగా వినపడకపోయినా పలుకు తేడా రావచ్చు కాబట్టి ముందు వినికిడి పరీక్ష చేయించండి. హైదరాబాదీ అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబైలో వెలసిన వినికిడి లోపాల జాతీయ సంస్థకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది.