కానుక పళ్ళెములో ఉత్తరములు

వాక్యపాఠము జరుగుచుండగా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు లేచి, "అయ్యగారూ, మా అమ్మ ఎసరు పెట్టినప్పుడెల్ల పిడికెడు బియ్యము తీసి సంఘమునకై ముంతలో వేయును. పేదలకు అన్నము పెట్టుట సంఘము పని. సర్కారును ఇది చేయుడు, అది మానుడు అని అడుగుట సంఘమునకు తగునా?" అని ప్రశ్నించెను. గంట మ్రోగుటచేత నాడు సగము సమాధానమే చెప్పగలిగితిని. తక్కిన సగము ఇచ్చట వ్రాయుచున్నాను.

అమెరికాలో న్యూయార్కు నగరమున బీదలు నివసించు పేటలో ఆర్థర్ సైమన్ అను లూథరన్ పాదిరిగారు సేవచేయుచుండిరి. సంఘములు ఎంత పంచినను, ప్రభుత్వము చేయు ఒక్క నిర్ణయమువలన అంతకు అనేక రెట్లు జనులకు ఆకలి పెరుగుటయో తరుగుటయో సంభవించునని వారు గ్రహించి, 1974లో "బ్రెడ్ ఫర్ ది వరల్డ్" అను సంస్థను దేశమంతటికిని స్థాపించిరి. పేరు చూచి మోసపోరాదు. ఈ సంస్థ ఒక్క రొట్టెయైనను పంచిపెట్టదు! శాసనకర్తలకు విన్నవించుకొనుటయే దాని పని.

వారి పద్ధతి వినదగినది. ఆకలికి సంబంధించిన విషయము నొకదానిని ఎన్నుకొని, సంఘస్థులు తమ తమ ప్రతినిధులకు ఉత్తరములు వ్రాయుదురు. ఆ ఉత్తరములను ఆరాధనలో కానుకగా సమర్పించి, ప్రార్థించి, పిమ్మట పంపుదురు. దీనికి "ఉత్తరముల అర్పణ" అని పేరు. పిడికెడు బియ్యమునకును ఈ కాగితమునకును దేవుని సన్నిధిని ఒకే పళ్ళెము! అడుగునది తమ సంఘము కొరకు కాదు, పొరుగువాని కొరకు. ఈ భేదమును మరచిన సంస్థ తక్కిన అర్జీదారులలో ఒకటియై పోవునని నా అభిప్రాయము. ఎన్నికలలో ఒక అభ్యర్థి పక్షము వహించుట వేరు సంగతి. పన్ను మినహాయింపు గల ధర్మసంస్థలు అట్లు చేయరాదని అమెరికాలో 1954లోనే చట్టము చేసిరి.

ఇట్టి విన్నపములలో మిక్కిలి పెద్దది "జూబిలీ 2000" ఉద్యమము. ఇంగ్లండులో కీల్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు మార్టిన్ డెంట్ దొరగారును, పూర్వము రాయబారిగా నుండిన విలియం పీటర్సు దొరగారును దీనికి ఆద్యులు. క్రిష్టియన్ ఎయిడ్ మొదలగు సంస్థలు తోడ్పడెను. అత్యంత బీదదేశముల తీర్చలేని అప్పులను 2000 సంవత్సరమునకు కొట్టివేయవలెనని వారి కోరిక. లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరమునుండి ఆ పేరు గైకొనిరి. (నిష్కర్షగా చెప్పవలసివచ్చిన, సునాదము భూమికిని దాసునికిని విడుదల, అప్పుల విడుదల ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములోనిది. ఉద్యమకారులు రెంటిని కలిపిరి, తప్పుపట్టను.)

"అప్పు చేసినవాడు తీర్చవలదా?" అని మీరడుగుదురు. తీర్చవలెను. అయితే కాంగోను ఏలిన మొబుటువంటి నిరంకుశులు చేసిన అప్పునకు వడ్డీ కట్టినది వారు కాదు. మందు దొరకని రైతు, బడికి పోలేని వాని బిడ్డ కట్టిరి. ఋణమిచ్చినవారికిని ఆ సంగతి తెలియకపోలేదు. ఒక చేత చందా పంపుచు మరియొక చేత వడ్డీ పుచ్చుకొనుట ఏమి ధర్మమని ఉద్యమకారులు ప్రశ్నించిరి.

1998 మే 16వ తేదీన ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున ధనిక దేశాధినేతల సభ జరుగుచుండగా, సుమారు 70,000 మంది చేయి చేయి పట్టుకొని నగరమధ్యమున గొలుసువలె నిలిచిరి. అధినేతలు ఆనాడు ఊరివెలుపలి భవనమునకు పోయియుండిరి. ప్రధానమంత్రి టోనీ బ్లెయిర్ మాత్రము తిరిగివచ్చి ఉద్యమ నాయకులతో మాటలాడెను. తరువాత విన్నపముపై రెండుకోట్ల నలుబది లక్షలకు పైగా సంతకములు చేరెను. 1999 జూనులో జర్మనీలోని కొలోన్ సభయందు ఋణవిమోచనమును విస్తరింప సమ్మతించిరి.

సమ్మతి వేరు, ధనము వేరు. అమెరికా శాసనసభ తన భాగమును మంజూరు చేయవలసియుండెను. అక్కడి సంబంధిత ఉపసంఘమునకు అధ్యక్షుడు స్పెన్సర్ బాకస్. ఆయన ఊరును బర్మింగ్‌హామే, అయితే అలబామా రాష్ట్రములోనిది. ఆ ఊరి ప్రెస్బిటేరియన్ సంఘస్థులు కొందరు వాషింగ్టనుకు పోయి ఆయనతో ముఖాముఖి మాటలాడిరి. విదేశ సహాయమును గట్టిగా సమర్థించు పక్షమువాడు కాకున్నను, ఆయన ఈ శాసనమునకు ముఖ్య సమర్థకు డాయెను. 2000 సంవత్సరాంతమున 43½ కోట్ల డాలర్లు మంజూరైనవి. లక్షల సంతకములకన్న ఆ కొద్దిమంది ప్రయాణమే నాకెక్కువ ఆశ్చర్యము కలిగించును.

ఫలమేమి? ఈ ఏర్పాటు క్రింద 37 దేశములకు 10,000 కోట్ల డాలర్లకు మించిన ఋణవిమోచనము కలిగినది. 2001లో టాంజానియా ప్రాథమిక పాఠశాలలలో రుసుము తీసివేసెను. పిల్లలు వెల్లువగా వచ్చిరి, గదులును ఉపాధ్యాయులును చాలకపోయిరి. ఉపాధ్యాయుడనగుటచేత ఆ మాట చదివినపుడు నాకు నవ్వును దిగులును కూడ కలిగెను. 2005లో విముక్తి పొందిన జాంబియా మరల అప్పులపాలై 2020 నవంబరులో వడ్డీ చెల్లింపలేకపోయెను. కావున కానుక పళ్ళెములో ఉత్తరములు పడుట ఇంకను ఆగలేదు.