తోపుడు బండికి చక్రం ఎంత? బల్ల ఎంత?

తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా యూనివర్సిటీ వైపు కూరగాయల బండి నెట్టుకెళ్తున్నారనుకోండి. స్పీడ్ బ్రేకర్ వచ్చింది. చిన్న చక్రాల బండి అక్కడే ఆగుతుంది. గట్టిగా తోస్తే టమాటాలు రోడ్డు మీద! ఆ రోజు లాభం అక్కడే పోయింది.

పెద్ద చక్రం చిన్న గుంతలో దిగబడదు. ఎత్తు మీదికి మెల్లగా ఎక్కుతుంది. 3 అంగుళాల రాయి ఎక్కాలంటే, అదే బరువుకు, 28 అంగుళాల చక్రం కంటే 10 అంగుళాల చక్రానికి సుమారు మూడింతల బలం పెట్టాలి. ఆ బలం మన నడుముదే కదా అక్కా!

మరి బల్ల? చక్రాల పైనే బల్ల వేస్తే, చక్రం పెరిగినకొద్దీ బల్లా పైకి పోతుంది. మిస్త్రీ తన అలవాటు కొలత చెప్తాడు. వెంటనే ఒప్పుకోకండి. చెప్పులు వేసుకొని నిలబడి మోచెయ్యి మడవండి. దానికి ఒకటి రెండు బెత్తెల కిందికి బల్ల రావాలి. ఇంకా పైకుంటే భుజాలు లాగుతాయి. మరీ కిందికుంటే రోజంతా వంగే ఉండాలి.

బరువంతా పైనే ఉంటే వాలులో బండి ఒరుగుతుంది. అందుకే ఇరుసుల మీద ఇంకో పలక వేయించండి. ఆలుగడ్డల బస్తా, నీళ్ల క్యాన్ కింద. కొత్తిమీర, పుదీనా పైన. డబ్బులిచ్చే ముందు ఖాళీ బండిని కాదు, బరువేసి నెట్టి చూడండి.