రాజాం రికార్డు ఎటు పోయింది?

రాజాం ఊరు అంగుళం కూడా కదల్లేదు. కానీ 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజనతో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి మారిపోయింది.

శ్రీకాకుళం జిల్లా డేటాబేస్ ఒకటి ఉందనుకోండి. అందులోంచి రాజాం రికార్డుల్ని డిలీట్ చేస్తే, రెప్లికేషన్ పుణ్యమా అని కాపీలోనూ క్షణాల్లో మాయం! రేపు పాత సర్టిఫికెట్‌తో వెరిఫికేషన్‌కి వెళ్లిన రాజాం అమ్మాయికి 'రికార్డు లేదు' అనే జవాబొస్తుంది.

సరే, డిలీట్‌ని కాపీ దాకా పోనివ్వకుండా ఆపేద్దామా? పోస్ట్‌గ్రెస్‌లో పబ్లికేషన్‌కి ఇన్సర్ట్, అప్‌డేట్ మాత్రమే ఇస్తే చాలు, ఆగిపోతుంది. కానీ అప్పుడు కాపీలో రాజాం ఇంకా శ్రీకాకుళంలోనే ఉన్నట్టుంటుంది. ఏది పాతదో, ఏది ఇప్పటిదో తెలీదు.

అందుకే సాఫ్ట్ డిలీట్. అసలు టేబుల్‌లోనే 'తొలగించిన తేదీ' అని ఓ కాలమ్ పెట్టి, రికార్డు తీసేసే బదులు అక్కడ తేదీ వెయ్యాలి. ఇది అప్‌డేటే కాబట్టి కాపీకీ చేరుతుంది. ఇప్పటి లెక్కకి తేదీ ఖాళీగా ఉన్నవి చూస్తాం. పాత సంగతి కావాలంటే మిగతావీ ఉంటాయి.

అలాగని అన్నీ దాచెయ్యకూడదు. వ్యక్తిగత డేటాని అవసరం తీరాక చెరిపెయ్యాలన్నది 2023 నాటి డేటా రక్షణ చట్టం మాట. ఏది ఉంచాలో, ఎన్నాళ్లుంచాలో టేబుల్ తయారుచేసే రోజే తేల్చుకోండి.