రోబో జోలికి పోని పిల్లలు

బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అయినా "రెండు తగిలించండి సార్, మేమేం అనుకోం" అని టీచరుకి చెప్పివచ్చే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. భయం ఉంటేనే మాట వింటారన్నది వాళ్ల నమ్మకం. నిజమే, అప్పటికి వింటారు. చూడాల్సింది ఆ తర్వాతి సంగతి.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ ఫ్రీడ్‌మన్ 1965లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా దాన్నే పట్టుకుంది. కాలిఫోర్నియాలో ఏడు నుంచి తొమ్మిదేళ్ల మగపిల్లల్ని ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి ఐదు ఆటవస్తువులు చూపించారు. చవకరకం ప్లాస్టిక్ సబ్‌మెరైన్, ట్రాక్టర్ లాంటివాటి మధ్య బ్యాటరీతో నడిచే రోబో ఒకటి. ఆ రోజుల్లో పిల్లలకి అదెంత ఊరించే వస్తువో చెప్పాలా! "దాంతో ఆడటం తప్పు" అని కొందరికి ఊరికే చెప్పారు. మిగిలినవాళ్లని మాత్రం ఆడితే చాలా కోపమొస్తుందనీ, ఊరుకోననీ బెదిరించారు. తర్వాత అలా చెప్పిన పెద్దమనిషి పనుందంటూ బయటికి వెళ్లిపోయాడు. రెండు జట్లలోనూ దాదాపు ఎవరూ రోబోను ముట్టుకోలేదు.

కొన్ని వారాలకి వేరే ఆవిడ వేరే పని మీద వచ్చినట్టు వచ్చి, అక్కడున్న వాటిలో దేంతోనైనా ఆడుకోమంది. బెదిరింపు విన్నవాళ్లలో ఎక్కువమంది రోబోనే అందుకున్నారు. మెత్తగా చెప్పించుకున్నవాళ్లలో దాన్ని పట్టుకున్నది దాదాపు మూడోవంతే.

ఎందుకిలా? చేసిన పనికి మనసు కారణం వెతుక్కుంటుందని మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ 1957లో ఒక సిద్ధాంతం చెప్పాడు. బెదిరిస్తే కారణం ఎదురుగానే ఉంటుంది: ఆయన కోప్పడతాడు. ఆయన లేకపోతే కారణమూ ఉండదు. చిన్నమాటకే ఆగిన పిల్లాడికి ఆ సమాధానం సరిపోదు. నాకే ఆడాలనిపించలేదని తనకి తానే సర్దిచెప్పుకుంటాడు.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇంకొకటి. అదే ప్రయోగంలో మరో రెండు జట్ల దగ్గర పెద్దమనిషి గదిలోంచి కదల్లేదు. అక్కడ మెత్తగా చెప్పినా, కటువుగా చెప్పినా వారాల తర్వాత తేడా ఏమీ రాలేదు. మంచిగా చెప్పడం ఒక్కటే చాలదన్నమాట, చెప్పి పక్కకి తప్పుకోవాలి. మన ఇంటర్ హాస్టళ్లలో పక్కకి తప్పుకునేదెవరు? స్టడీ అవర్లో వార్డెన్, పైన సీసీ కెమెరా. అక్కడినుంచి బీటెక్‌లో చేరి, మొదటిసారి సొంత గది, సొంత ఫోను చేతికొచ్చిన కుర్రాడికి అప్పటిదాకా తనంతట తాను ఆగిన అలవాటే ఉండదు.

అలాగని నియమాలే వద్దని కాదు. 1960లలో బర్క్‌లీలో మనస్తత్వ శాస్త్రవేత్త డయానా బామ్‌రిండ్ చూసిన చిన్నపిల్లల్లో బాగా స్వతంత్రంగా మెలిగినవాళ్లు, గట్టి కట్టుబాట్లు పెట్టి వాటికి కారణం కూడా చెప్పే ఇళ్లవాళ్లే.

"మేమూ దెబ్బలు తిన్నాం, చెడిపోయామా?" అని అడుగుతారు. 2005లో వచ్చిన ఓ ఆరు దేశాల అధ్యయనంలో ఇండియా కూడా ఉంది. కొట్టడం మామూలే అనుకునేచోట దెబ్బలకీ పిల్లల ఇబ్బందులకీ ఉన్న సంబంధం కాస్త బలహీనంగా కనిపించింది. కానీ తరచు దెబ్బలు తినే పిల్లల్లో దుడుకుతనం, ఆందోళన అక్కడా ఎక్కువే.